హెలికాప్టర్ కొనబోతున్న వాసుకి

బేగంపేట,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ వాసూ,

నీ ఉత్తరం అందింది. ఆరు పేజీల్లో నాలుగు హెలికాప్టర్ రంగు గురించీ, తోక మీద మీ నాన్నగారి పేరు ఎలా రాయించాలన్న దాని గురించీ. ఎన్నికలకు నాయకుల్ని తిప్పుతావట, మేడారం జాతరకు భక్తుల్ని మోస్తావట, మధ్యలో ఖాళీ దొరికితే భీమవరం పెళ్ళిళ్ళలో పూలు చల్లిస్తావట. అంతా అయ్యాక అడుగున, చోటు మిగిలింది కదా అన్నట్టు, "కాగితాలేమైనా కావాలా?" అని ఒక్క ముక్క రాశావు.

ఇరవై రెండేళ్ళుగా నా అన్నం ఆ ముక్క మీదే ఉడుకుతోందిరా. అందుకే రంగు సంగతి వదిలేసి దానికే జవాబు రాస్తున్నాను.

ముందు ఇది తేల్చుకో: హెలికాప్టర్ నీ సొంతానికా, అద్దెకా? సొంతానికైతే దారి పొట్టిది. కానీ ఎక్కినవాడి దగ్గర ఒక్క రూపాయి పుచ్చుకోకూడదు, నూనె ఖర్చులకని కూడా. అద్దెకు తిప్పాలంటే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ పర్మిట్ ఉండాలి. మా బజారు భాషలో ఎన్ఎస్ఓపీ. ఒక్క హెలికాప్టర్ ఉన్నా అది ఇస్తారు, ఆ ధైర్యంతోనే నీలాంటివాళ్ళు దిగుతారు. సొంతానికని తెచ్చుకుని చాటుగా అద్దెకు తిప్పేవాళ్ళున్నారు. అద్దెకని 2007 నాటి కస్టమ్స్ సుంకం మినహాయింపు పొంది, ఇంటిల్లిపాదినీ తిప్పుకుంటున్నారని కేసులు ఎదుర్కొన్నవాళ్ళూ ఉన్నారు. ఆ కేసులు ఏళ్ళ తరబడి సాగాయి. నువ్వు రెండు జాబితాల్లోనూ చేరకు.

మొదట పౌర విమానయాన శాఖ దగ్గర నిరభ్యంతర పత్రం. దానికోసం డైరెక్టర్లందరి వివరాలూ హోంశాఖకు వెళ్తాయి, అక్కడినుంచి భద్రతా అనుమతి రావాలి. మీ బావమరిదిని ఛైర్మన్ చేస్తానన్నావు. ఆయన డల్లాస్‌లో ఉంటున్నాడు కదా, పౌరసత్వం మార్చుకున్నాడా? ఛైర్మనూ, డైరెక్టర్లలో మూడింట రెండు వంతుల మందీ భారత పౌరులై ఉండాలని నిబంధన. ఓసీఐ కార్డు చూపించి గట్టెక్కలేం.

తర్వాత అసలు సర్టిఫికేషన్. ఐదు మెట్లు: ముందస్తు మాటలు, దరఖాస్తు, పత్రాల పరిశీలన, కళ్ళెదుట చేసి చూపించడం, చివరికి పర్మిట్. మనవాళ్ళు బోర్లా పడేది మూడో మెట్టు దగ్గర. ఆపరేషన్స్ మాన్యువల్, శిక్షణ మాన్యువల్, సేఫ్టీ మాన్యువల్, ఏ పరికరం పాడైతే ఎగరొచ్చో ఏది పాడైతే ఎగరకూడదో చెప్పే మెల్, విమానయాన భద్రత చూసే బీసీఏఎస్ ఆమోదించాల్సిన భద్రతా కార్యక్రమం, అన్నీ నువ్వే రాసుకోవాలి. "రాసుకోవాలి" అన్నానని నవ్వకు. చాలామంది పక్క కంపెనీది తెచ్చి పేరు మార్చేస్తారు. పెళ్ళి పూలు తప్ప ఇంకోటి చల్లని ఒక కంపెనీ మాన్యువల్లో, సముద్రంలో చమురు రిగ్గు మీద దిగేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు నాలుగు పేజీలు చూశాను. పరిశీలించే ఆఫీసరు ఒకటే అడిగాడు: "కరీంనగర్‌లో మీకు రిగ్గు ఎక్కడుంది?"

నేనూ చాలాకాలం మాన్యువల్ అంటే బీరువా నింపే వస్తువనే అనుకున్నాను. 2009 సెప్టెంబర్ 2 పొద్దున మా ఈ బేగంపేట నుంచే ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ చిత్తూరు జిల్లాకని లేచింది. ఆ రోజూ ఆ రాత్రీ ఇక్కడ ఎవరూ ఇంటికెళ్ళలేదు. మర్నాడు నల్లమలలో శకలాలు కనిపించాయి. వాతావరణం బాగాలేని ఆ చివరి నిమిషాల్లో, వెలిగిన ఒక చమురు పీడనం దీపం సంగతి తేల్చుకోవడంలోనే పైలట్ల దృష్టి చిక్కుకుపోయిందని తర్వాత విచారణ నివేదికలో వచ్చింది. అది విన్న వారం మా మాన్యువల్‌ని మొదటిసారి అట్ట నుంచి అట్ట దాకా చదివాను. అత్యవసర పేజీలు ఎక్కడున్నాయో నాకే వెంటనే దొరకలేదు. ఆ పేజీలకు ఎర్ర కాగితపు చెవులు అంటించింది అప్పుడే.

ఇక యంత్రం కాగితాలు. రిజిస్ట్రేషన్ వీటీతో మొదలవుతుంది. అది వైస్రాయ్ టెరిటరీకి పొట్టిపేరని హ్యాంగర్లలో చెప్పుకుంటారు, నమ్మాలో లేదో నీ ఇష్టం. ఎగరడానికి పనికొస్తుందన్న సర్టిఫికెట్ ఒకటి, ఇంకా పనికొస్తూనే ఉందని ఏడాదికోసారి ఇచ్చే ఏఆర్సీ ఇంకొకటి, రేడియో లైసెన్సు, బీమా, బరువు నివేదిక. పైలట్ల లైసెన్సులకూ వైద్య పరీక్షలకూ వేరే గడువులు. నీ దగ్గర ఏమున్నా లేకపోయినా గోడమీద పెద్ద క్యాలెండర్ మాత్రం ఉండాలి. గడువు దాటితే మరుక్షణం నుంచి అది నేలమీద నిలబెట్టిన రేకు.

కానీ వాసూ, నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది వీటి గురించి కాదు. ఎగిరే రోజు రాసే కాగితం గురించి.

హెలికాప్టర్ సభాస్థలిలో దిగాలంటే కలెక్టరాఫీసు అనుమతి కావాలి. వాళ్ళు పోలీసుల్నీ, ఫైరింజన్నీ, అంబులెన్సునీ చూసుకుంటారు, హెలిప్యాడ్ అక్షాంశ రేఖాంశాలు మనకి పంపుతారు. ఆ అంకెలతో మేం ఫ్లైట్ ప్లాన్ వేస్తాం. వైమానిక దళం వాళ్ళ దగ్గర గగన రక్షణ అనుమతికి ఏడీసీ నంబరు, మద్రాసు ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నుంచి ఎఫ్ఐసీ నంబరు తీసుకుంటాం. అవి లేకుండా లేస్తే మనమెవరో ఆకాశంలో ఎవరికీ తెలియదు.

2014 ఎన్నికలు. రోజుకు ఆరేడు సభలు. ఒక నాయకుడి మూడో సభ మన కైకలూరు దగ్గర. వాట్సాప్‌లో అంకెలొచ్చాయి: 16.55, 81.20. నాకు నిద్రలేదు. చుక్క కనిపించింది, ఫారం మీద 16 డిగ్రీల 55 నిమిషాలు, 81 డిగ్రీల 20 నిమిషాలు అని దించేశాను. అవి దశాంశాల్లో పంపిన డిగ్రీలు. అసలైతే 16 డిగ్రీల 33 నిమిషాలు, 81 డిగ్రీల 12 నిమిషాలు అవ్వాలి. అక్షాంశంలో ఒక నిమిషమంటే ఒక నాటికల్ మైలు, దాదాపు రెండు కిలోమీటర్లు. ఇరవై రెండు నిమిషాల తప్పు. మొత్తం నలభై కిలోమీటర్లకు పైగా.

మా కెప్టెన్ ఎయిర్‌ఫోర్సులో చేసి రిటైరైన పెద్దాయన. ప్రతి కాగితాన్నీ బ్యాంకులో నోట్లు లెక్కపెట్టినట్టు వేలు తడుపుకుని చూస్తాడు, దానికి మేమంతా నవ్వుకునేవాళ్ళం. ఆ పొద్దున మ్యాపు మీద వేలు పెట్టి, "ఏమయ్యా, మీ ఊరు కొల్లేటి ఒడ్డున అంటావు కదా, ద్వారకా తిరుమల వైపు ఎప్పుడు ఎక్కింది?" అన్నాడు. కాళ్ళు చల్లబడ్డాయిరా. గాలిలోకి వెళ్ళాక కళ్ళతో చూసి సరిచేసుకునేవాడే, కాదనను. కానీ నూనె ఆరు సభలకు సరిపడా లెక్కవేసి పోశాం, మబ్బులు కమ్ముతున్నాయి, నాయకుడేమో ఉపన్యాసం పొడిగించి పొద్దుగూకే వేళకు వస్తాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది 2002 మార్చి. మనిద్దరం మీ రాజ్‌దూత్ మీద వెళ్ళాం, కైకలూరు దగ్గర ఆ చేపల చెరువు గట్టు దాకా. స్పీకర్ బాలయోగి హెలికాప్టర్ పడిన చోటు. జనం మధ్య నుంచి నీళ్ళు తప్ప మనకేమీ కనిపించలేదు. నువ్వు తిరిగొచ్చేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఏడాది తిరక్కుండా నేనీ ఉద్యోగంలో చేరితే మా అమ్మ పదిరోజులు నాతో పలకలేదు.

కెప్టెన్ నా తప్పు పట్టుకున్న ఆ రోజునుంచి అంకెలు నేను రాస్తే ఇంకొకరు పైకి చదవాలి, ఇంకొకరు మ్యాపు మీద పెట్టాలి. బరువుల కాగితం కూడా అంతే. నాయకుడి వెంట ఎప్పుడూ ఒకడు ఎక్కువ వస్తాడు, "సన్నగా ఉన్నాడుగా సార్" అంటారు. సన్నగా ఉన్నవాడినీ కాటా ఎక్కిస్తాం. లోడ్ షీట్‌లో అంకె కాటా చెప్పిందే ఉండాలి, అనుచరుడు చెప్పింది కాదు.

చచ్చిన కాగితాలూ ఉన్నాయి, వాటినీ దాచను. ఒకే సర్టిఫికెట్‌ని మూడు చోట్ల అప్‌లోడ్ చేయమంటారు. ఒక ఆఫీసులో మా డైరెక్టర్ ఇంటిపేరు ఒక పత్రంలో పొడి అక్షరంగానూ ఇంకోదాంట్లో పూర్తిగానూ ఉందని ఫైలు వెనక్కి కొట్టారు. అది తిరిగి కదలడానికి వర్షాకాలం వెళ్ళిపోయింది. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం వచ్చింది. చట్టం పేరైతే మారింది, నా బల్లమీద దొంతర ఎత్తు మాత్రం తగ్గలేదు. దాన్ని చూసి విసుక్కోవడంలో తప్పులేదు, నేనూ రోజూ తిట్టుకుంటాను. కాకపోతే ఆ విసుగులో మనవాళ్ళు లోడ్ షీటునీ అదే దొంతరలో పడేసి, దాన్నీ అదే చేత్తో గిలికేస్తారు. నా భయమంతా అక్కడే.

నీ కంపెనీలో అకౌంటబుల్ మేనేజర్ అని ఒకరుండాలి. ఏం జరిగినా జవాబు చెప్పాల్సిన సంతకం ఆయనది. నీ ఉత్తరంలో ఆ కుర్చీ నాకిస్తానన్నట్టు సూచన ఉంది. జీతం ఎంతో రాయలేదు గానీ, నా బెంగ అది కాదు. పైలట్ "ఈరోజు ఎగరను" అంటే, బయట పదివేల మంది జనమూ కారులో మీ బావమరిదీ ఎదురుచూస్తున్నా, "సరే" అనే అధికారం నాకు రాతపూర్వకంగా ఇస్తావా? ఆలోచించుకుని రాయి.

ఈలోగా మీ బావమరిది పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కో. మొదటి పేజీ, చివరి పేజీ, రెండూ స్కాన్ చేసి పంపు, మసకగా కాకుండా. రంగు నీలమైతే బాగుంటుందని మా ఆవిడ అంటోంది.

నీ
శ్రీనివాసు