రెండు కొసల మధ్య తీగ



వేట నిషేధం ముగింపుకు వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఈ 61 రోజులూ బోట్లు రేవులోనే ఉంటాయి కనుక రిపేర్లన్నీ ఇప్పుడే. అందుకే ఈ వారం ఒక ఇంజను సంగతి రాస్తున్నాను. సెమినరీకి వెళ్లకముందు మూడేళ్లు మా మేనమామ ఆటో ఎలక్ట్రికల్ షాపులో పనిచేశానని మీలో చాలామందికి తెలుసు. ఆ చదువు కూడా అప్పుడప్పుడు సంఘానికి పనికొస్తుంది.

మన సహోదరుడొకరి బోటుకు రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉంది. ఏడాదిలో రెండు బ్యాటరీలు పోయాయి. మూడోది కొనడానికి వాళ్లావిడ చెవిదిద్దులు తాకట్టుకు వెళ్లాయి. మొన్న ఫిబ్రవరిలో ఒక రాత్రి వల వేసి ఇంజను ఆపారట, మళ్లీ సెల్ఫ్ తిరగలేదు. దీపాలు ఆరిపోయాయి, వైర్‌లెస్ పలకలేదు. పెద్ద బోట్లు తిరిగే దారిలో నలుగురు మనుషులు ఒక టార్చిలైటు ఊపుకుంటూ తెల్లవారేదాకా కూర్చున్నారు. ఇప్పుడు మెకానిక్ డైనమో మార్చేయాలన్నాడు. దానికి చేపల సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి. తీసుకుంటే ఏడాదంతా సరుకు ఆయన చెప్పిన ధరకే పోవాలి.

"అయ్యగారూ, రేపు సావుకారు దగ్గరికి వెళ్తున్నాను, ప్రార్థన చేయండి" అని వచ్చాడు. ప్రార్థన చేశాం. తరువాత మీటరు పట్టుకుని ఇద్దరం ఏటి గట్టుకు వెళ్లాం.

డైనమో అని మన రేవులో అలవాటుగా అంటాం గానీ, అది నిజానికి ఆల్టర్నేటర్. మొదట బెల్టు చూశాను, బిగువుగానే ఉంది. తాళం తిప్పితే చార్జింగ్ ఎర్రబల్బు వెలిగింది, ఇంజను అందుకోగానే ఆరిపోయింది. ఆ బల్బును చిన్నచూపు చూడకండి. చాలా ఇంజన్లలో ఆల్టర్నేటర్‌ను మొదట లేపే కరెంటు దాని గుండానే వెళ్తుంది. అది మాడిపోతే మంచి ఆల్టర్నేటర్ కూడా పడుకునే ఉండవచ్చు.

ఇంజను ఆపి ఉండగా బ్యాటరీ 12.3 వోల్టులు చూపించింది. నిండుగా ఉన్నదైతే 12.6కు పైన ఉండాలి. ఇంజను నడిపి, దీపాలన్నీ వేసి, మళ్లీ బ్యాటరీ మీదే పెడితే 12.8. ఇది 14 దగ్గర ఉండాలి. మెకానిక్ ఇక్కడిదాకా చూసి డైనమో పోయిందన్నాడు. అదే మీటరు ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టుకూ దాని బాడీకీ పెడితే 14.2!

యంత్రం బాగానే ఉంది. పైగా దాని రెగ్యులేటర్ తన దగ్గరి వోల్టేజినే చూసుకుంటుంది. 14.2 కనబడింది కనుక బ్యాటరీ నిండిందనుకుని కరెంటు తగ్గించేస్తుంది. అటు బ్యాటరీ ఆకలితో ఉంటుంది. సగం చార్జింగులో నెలల తరబడి ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి అది చచ్చిపోతుంది. ఆ రెండు బ్యాటరీలు పోయింది అలాగే. అమ్మినవాడిని తిట్టుకోవడం అన్యాయం.

మరి 1.4 వోల్టులు ఎక్కడ పోయాయి? మీటరు ఒక పుల్ల ఆల్టర్నేటర్ బోల్టుకు, రెండోది బ్యాటరీ ప్లస్‌కు పెట్టాం. 1.3 వచ్చింది. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ పెడితే 0.1 మాత్రమే. ఎర్త్ మంచిదే, జబ్బు ప్లస్ తీగలోనే ఉంది.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఇంజను ఆపేసి చూస్తే ఆ తీగ రెండు కొసల దగ్గరా 12.3 చూపిస్తుంది, తీగ బాగుందనిపిస్తుంది. మీటరు తాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు. నలభై పోగుల్లో ఒక్క పోగు మిగిలినా దానికి చాలు. బరువు పడితేనే తీగ సంగతి బయటపడుతుంది. (మనుషుల విషయంలోనూ ఇది చూశాను, కానీ ఆ సంగతి మరో వారం.)

ఇక అంగుళం అంగుళం కొలుచుకుంటూ వెళ్లాం. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో నావికులు నాకు గుర్తొచ్చారు. నడిరాత్రి, తుఫాను, ఎక్కడున్నారో తెలియదు. అయినా గుండు వదిలి లోతు కొలిచారు, ఇరవై బారలు. కొంచెం ముందుకు వెళ్లి మళ్లీ కొలిచారు, పదిహేను. అప్పుడే లంగర్లు వేశారు. పౌలు ఉన్న ఓడే అది, దేవుని మాట అందిన ఓడే. అయినా కొలవడం ఎవరూ మానలేదు.

ఇంజను బల్ల కింద, బురదనీళ్లు తగిలేచోట, ఎప్పుడో తీగ మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఒకటి దొరికింది. దానికి ఇటు 0.1, అటు 1.3. టేపు చేతికి వేడిగా తగిలింది. విప్పితే పచ్చటి చిలుము పొడి రాలింది. రాగి మూరెడు లోపలిదాకా నల్లబడిపోయింది. ఉప్పునీరు తీగలోకి పీల్చుకుని వెళ్తుంది, పైన రబ్బరు మాత్రం కొత్తదానిలా మెరుస్తుంటుంది.

బ్యాటరీ మైనస్ ముందు విప్పి ఆ తీగంతా తీసేశాం. తగరం పూత ఉన్న లావు రాగి తీగ ఒకే ముక్క, మధ్యలో అతుకు లేకుండా, నీళ్లకు పైన కట్టుకుంటూ లాగాం. కొసలకు థింబుళ్లు నొక్కి స్లీవులు వేశాం. అరగంట నడిపాక బ్యాటరీ దగ్గర 14.0 వచ్చింది. ఆ అన్న మీటరు నా చేతిలోంచి తీసుకుని మరో రెండుసార్లు తనే పెట్టి చూసుకున్నాడు. సావుకారు దగ్గరికి వెళ్లలేదు. దిద్దులు మాత్రం ఇంకా తాకట్టులోనే ఉన్నాయి, ఆ విషయం ప్రార్థనలో పెట్టండి.

ఒక్క హెచ్చరిక. చార్జింగ్ చూడటానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకే అలవాటు మన రేవులో ఉంది. పాత డైనమోల కాలంలో సాగిందేమో గానీ, ఆల్టర్నేటర్‌లో డయోడ్లు ఉంటాయి, ఆ ఒక్క పనితో మాడిపోవచ్చు. తమ్ముళ్లూ, దయచేసి మానండి.

మీటరు మందిరం బీరువాలో పెట్టాను. 14వ తేదీలోపు ఎవరైనా తీసుకెళ్లి చూసుకోవచ్చు, తిరిగి అక్కడే పెట్టండి.