ప్లాస్టిక్ వేళ్ళు... ఉక్కు పాట!

పరవాడలో ఓ మేడమీద గది. అందులో నలుగురు కుర్రాళ్ళు హెవీ మెటల్ సాధన చేస్తున్నారనుకుందాం. రెండు గిటార్లు, ఓ బేస్ గిటారు, అరువు తెచ్చుకున్న డ్రమ్ములు. ఆల్బమ్ తెస్తామంటూ వచ్చిన కంపెనీ ఏదీ లేదు. కిటికీలకు పాత బొంతలు కట్టి మొదలెట్టారు. 'ఎ' షిఫ్టు దిగి అప్పుడే ఇంటికొచ్చిన తండ్రి, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ అనే మొదటి మాట ఏమై ఉంటుంది?

'ఏట్రా ఈ గోల!'

ఆయన్ని తప్పుపట్టలేం. ఓ పక్క 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం, మరోపక్క ఫార్మా సిటీ, చేరువలోనే ఉక్కు కర్మాగారం. పొద్దుటి నుంచీ యంత్రాల హోరులో ఉండి వచ్చిన మనిషికి ఇంట్లోనూ అదే మోత వినిపిస్తే చిరాకు రాదూ! చిత్రమేమిటంటే, ఆ గోల పుట్టిందీ అలాంటి ఊళ్ళోనే. పుట్టించిందీ ఓ షిఫ్టు కార్మికుడే.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. 1965. టోనీ అయోమీకి అప్పుడు పదిహేడేళ్ళు. రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగు పని. గిటారు కోసం ఆ పని మానేస్తున్నాడు. అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక వెళ్ళనన్నాడు. పని పూర్తిచేసి రమ్మంది తల్లి. ఏ తల్లైనా అదే చెబుతుంది కదా! వెళ్ళాడు. ఆ రోజు రాని మనిషి బదులు ప్రెస్సు మిషను దగ్గర నిలబడ్డాడు. మిషను కుడిచేతి మీద పడింది. నడిమివేలు, ఉంగరపు వేలు... రెండిటి కొసలూ తెగిపోయాయి. అతడిది ఎడమచేతి వాటం. అంటే తీగల్ని నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్ళతోనే!

ఇక గిటారు లేదనుకుని దిగులుగా కూర్చున్నవాడి దగ్గరికి ఫ్యాక్టరీ మేనేజరు ఓ రికార్డు పట్టుకొచ్చాడు. వినాలని లేదన్నా వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ గిటారు. 1928లో అగ్నిప్రమాదంలో చెయ్యి కాలిపోయాక, రెండంటే రెండు వేళ్ళతో స్వరాలు పలికించి ప్రపంచాన్ని మెప్పించిన కళాకారుడు. అయోమీకి దారి దొరికింది. గిన్నెలు తోముకునే సబ్బుద్రవం సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. వాటికి పాత తోలు జాకెట్టు ముక్కలు అతికించాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు. ఆ తర్వాత తీగల్ని వదులు చేసి, శ్రుతి కిందికి దించాడు. వేళ్ళకు నొప్పి తగ్గింది. నాదం మాత్రం బరువెక్కింది!

హెవీ మెటల్‌లోని ఆ 'బరువు' వెనక మనకు తెలిసిన సంగీతమూ ఉంది. ఎక్కువగా వినిపించే 'పవర్ కార్డ్'లో ఉండేవి షడ్జమం, పంచమం... అంతే. మన తంబురా మీటే సా-పా లాంటిదే. యాంప్లిఫయరును దాని శక్తికి మించి వాయిస్తే ధ్వని తరంగం కొసలు తెగి, స్వరం గరగరలాడుతుంది. మధ్యలో గాంధారం కూడా కలిస్తే గజిబిజి అవుతుంది. అందుకే ఆ రెండు స్వరాలే. అయోమీ బృందం తమ పేరుతోనే కట్టిన 'బ్లాక్ సబ్బాత్' పాటలో షడ్జమం, పైషడ్జమం పలికి ప్రతి మధ్యమం మీద ఆగుతారు. పాశ్చాత్య సంగీతంలో 'దెయ్యపు స్వరం' అని పేరుపడిన దూరం అది. మన కల్యాణి రాగంలో అదే ప్రతి మధ్యమం ఎంత మంగళకరంగా వినిపిస్తుందో!

ఆ నలుగురూ ఆస్టన్ అనే కార్మికవాడ కుర్రాళ్ళే. గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ కార్ల హారన్లు పరీక్షించే పని చేశాడు, కబేళాలోనూ పనిచేశాడు. మొదట్లో రికార్డు కంపెనీలు వాళ్ళను కాదన్నాయి. చివరికి 1969 అక్టోబరులో ఒక్క రోజులో పాటలన్నీ రికార్డు చేసేశారు. 1970 ఫిబ్రవరి 13న ఆల్బమ్ వచ్చింది. విమర్శకులు పెదవి విరిచారు. జనం మాత్రం కొన్నారు. బ్రిటన్ అమ్మకాల జాబితాలో అది ఎనిమిదో స్థానానికి చేరింది. 2025 జులై 5న ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించింది కూడా ఆస్టన్‌లోనే. మరో పదిహేడు రోజులకు ఓజీ కన్నుమూశాడు.

ఆ హోరు మన దాకానూ వచ్చింది. హైదరాబాద్ బృందం 'గాడ్‌లెస్' 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బమ్ తెచ్చింది. మేడమీది కుర్రాళ్ళు అంతదాకా వెళతారా? చెప్పలేం. మేడమీద మొదలైన బృందాల్లో చాలావరకు ఉద్యోగాలతో, బదిలీలతో అక్కడే ఆగిపోతాయి. అయోమీకి మాత్రం తిరిగి గిటారు పట్టించింది ఏ కంపెనీ ఒప్పందమూ కాదు... పెద్దాయన ఒకరు ఇంటికొచ్చి, పక్కన కూర్చుని వినిపించిన ఒక్క రికార్డు!

పరవాడ తండ్రికీ ఆ పని చేతనవును. పైగా ఆ పిల్లలకు తెలియనిది ఒకటి ఆయనకు తెలుసు. కర్మాగారంలో ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ మించిన మోత పనికిరాదన్నది నిబంధన. మూసిన గదిలో డ్రమ్ములు దాన్ని ఇట్టే దాటేస్తాయి. చెవి ఒకసారి పాడైతే తిరిగి రాదు.

అందుకని ఆయన మెట్లెక్కి తలుపు తడతాడు. పాట ఆగిపోతుంది. నాలుగు మొహాలూ పాలిపోతాయి. ఆయన జేబులోంచి ప్లాంటులో వాడే చెవిబిరడాలు తీసి ఇస్తాడు.

'ముందు ఇవి పెట్టుకోండ్రా. ఇప్పుడు వాయించండి... ఏటో వింటాను.'