జావా వంటయింట

దూరదేశ మేగు గృహిణి పెట్టెలో చీరలకంటె ముందుగా చేరునది ఆవకాయ జాడీ. 2023వ సంవత్సరపు వేసవి సెలవులలో మేము ఇండొనేషియాలోని జావాద్వీపమునకు బయలుదేరినప్పుడును అట్లే జరిగినది. కందిపొడి, చల్లమిరపకాయలు, అటుకులు పది దినములకు సరిపడునట్లు కట్టుకొంటిమి. మత్స్యమాంసములు ముట్టని కుటుంబము మాది. ఆ దేశమున మనము తినదగిన దేమియు నుండదని మా నిశ్చయము.

ప్రంబానాన్ ఆలయములందు రాతిపై చెక్కిన రామాయణమును చూడవలెనని ఉపాధ్యాయులైన మావారికి చిరకాలవాంఛ. తొమ్మిదవ శతాబ్దినాటి యా శిల్పములు శివాలయపు పిట్టగోడ లోపలివైపున మొదలై, ప్రదక్షిణక్రమమున సాగి, ప్రక్కనున్న బ్రహ్మాలయమున ముగియును. ఒక సోమవారము దానిని కన్నులార చూచి, సంజ్యవేళకు యోగ్యకర్తా నగరమున మేము బసచేసిన యింటికి తిరిగి వచ్చితిమి. ఆ యింటి యజమానియు ఉపాధ్యాయుడే. వారు మహమ్మదీయులు. ఇల్లాలిని అందరును 'ఇబు' అని పిలుతురు. తల్లి యని యర్థము.

ఆ రాత్రి ఇబు అరటియాకు పరచిన పళ్ళెములలో అన్నము, ఎఱ్ఱని కూర, వేపిన ముక్కలు, రోటిపచ్చడి వడ్డించి, తానును మా యెదుట కూర్చుండెను. పచ్చడినుండి యెండుచేపల వాసనవంటి దొకటి వచ్చెను. రొయ్యలను ఉప్పుతో మాగబెట్టి యెండించిన 'తెరాసి' యను ముద్ద అందు చేరినదని పిదప తెలిసినది. అప్పుడు మాత్రము ఒక్క మాటయైన నడుగక, ఆకలి లేదని చెప్పి లేచిపోయి, గదిలో తలుపు మూసికొని అటుకులు తింటిమి.

కొంతసేపటికి కళాశాలలో చదువుచున్న వారి కుమార్తె మంచినీళ్ళు తెచ్చెను. ఆ బాలికకు ఆంగ్లము వచ్చును. "మీ తల్లిగారు భోజనము చేసిరా?" యని మావారు అడిగిరి.

"అమ్మకు సోమవారము, గురువారము పువాసా. తెల్లవారుజామునుండి మంచినీరైనను ముట్టలేదు. ప్రొద్దు గ్రుంకిన తరువాత నీళ్ళు మాత్రము త్రాగి, మీతో కలసి తినవలెనని వేచియుండెను. మీరు లేచినందున తానును లేచినది" అని యామె మెల్లగా చెప్పెను.

పువాసా! ఆ మాట మన ఉపవాసమే. చిన్ననాట తండ్రిగారి యొద్ద సంస్కృతము చదువుకొని, అతిథి పూజ్యుడని వల్లించినవారము. అతిథికిని ఒక ధర్మము గలదని తలపైనను రాకపోయెను. నాడంతయు ఆకలితో నుండి మాకై వండిన యిల్లాలిని ఆకలితోనే లేపితిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారగనే వంటయింటికి పోయి, బాలికచేత మా నియమమును చెప్పించి, క్షమింపు మని వేడితిమి. ఇబు నవ్వి, "అడిగియుండిన తెరాసి వేయకయే నూరియుందును గదా!" యని పీట వేసెను.

మేము కాదన్న యెఱ్ఱని కూర పేరు 'గుదెగ్'. అది మన పనసకాయయే! లేత పనసను కొబ్బరిపాలతోను, కొబ్బరిపూగుత్తుల కల్లునుండి చేసిన బెల్లముతోను గంటలకొలది సన్నని సెగపై ఉడికింతురు. టేకాకులు వేయుటచే దాని కా రంగు. వేపిన ముక్కలు 'తెంపే'. సోయాగింజలను నానబెట్టి, పొట్టు తీసి, ఉడికించి, ఆరబెట్టి, తోడు కలిపి అరటియాకులలో చుట్టుదురు. ఒకటి రెండు దినములలో తెల్లని బూజు పెరిగి గింజలన్నిటిని ఒక్క అచ్చుగా బంధించును. బూజన్నంతనే రోయవలదు, పాలను పెరుగు చేయు తోడువలె నిదియు మేలుచేయునదే. మాంసము లేనిచోట బలమిచ్చు నీ భక్ష్యమును 19వ శతాబ్ది తొలిపాదమున వెలసిన 'సెరాత్ చెంతిని' యను జావా కావ్యము సైతము పేర్కొనినది.

ఇబు 'గులా' యని బెల్లమును, 'మెరిచా' యని మిరియములను చూపుచుండ, గుడము, మరీచము అను మాటలు పుట్టింటి చుట్టములవలె తోచినవి.

మన యింట సులభముగా చేసికొనదగినది 'పెచెల్'. వేపిన వేరుసెనగపప్పు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, చింతపండు, బెల్లము, ఉప్పు నూరి, వేడినీటితో జారుగా కలిపి, ఉడికించిన తోటకూర, చిక్కుడుకాయలు, మొలకెత్తిన పెసలపై పోయవలెను. ఆ దేశమేగు శాకాహారులు 'తన్పా తెరాసి' యను మాట నేర్చుకొనిపొండు. తెరాసి లేకుండ నని యర్థము. ఆ మాట చెప్పి యడుగుట తప్పు కాదు. అడుగక త్రోసివేయుటయే తప్పు.

గురువారము ఇబుకు మరల పువాసా. ఆనాడు మేమును ప్రొద్దు గ్రుంకువరకు ఏమియు తినలేదు. చీకటిపడిన తరువాత అందరము ఒక్క చాపపై కూర్చుంటిమి. గుదెగ్, తెంపే, తెరాసి లేని పచ్చడి ఆమె వడ్డించెను. ఆవకాయ మేము వడ్డించితిమి. ఆమె ఒక ముక్క నోటబెట్టి, కన్నీరు తుడుచుకొనుచు, పళ్ళెము మరల చాచెను.

తిరుగుప్రయాణమున ఆ జాడీ మా పెట్టెలో లేదు. అది ఇబు వంటయింటి అలమారలో నున్నది.