గ్రహణం లేని నాటి రోకలి

రోకలి కొసకు తొడిగే ఇనప కట్టును పొన్ను అంటారు. మా ఊళ్ళో ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియదు. రోకళ్ళే లేనప్పుడు పొన్నుతో పనేముంది? మా నాయినమ్మ రోకలి సండ్ర కర్రది. చేతులు పడిన చోట నున్నగా నల్లబడి, నడుము దగ్గర కాస్త సన్నబడి ఉండేది. పొన్ను మాత్రం ఏటేటా పసుపూ కారమూ దంచీ దంచీ అరిగి తళతళలాడేది. పని లేనప్పుడు దాన్ని వసారా మూల గోడకు ఆనించేవాళ్ళు. దాన్ని దాటొద్దు, దాని మీద కూర్చోవద్దు. ఎందుకని అడిగితే నాయినమ్మ "అదంతే" అనేది.

మాది కోదాడ పక్కన అనంతగిరి. 2016లో సూర్యాపేట జిల్లా అయినప్పుడు మండల కేంద్రమైంది కానీ, నేను చెప్పే రోజుకు అది నల్లగొండ జిల్లాలో ఒక పెంకుటిళ్ళ పల్లె.

ఆ రోజు 1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ కర్ణాటక తీరాన మన దేశంలో అడుగుపెట్టి, మన జిల్లాల మీదుగా పూరీ వైపు పోయింది. హైదరాబాదుకు దగ్గర్లో, జాపాల్-రంగాపూర్‌లో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాలకు దేశవిదేశాల శాస్త్రవేత్తలు పెట్టెలకొద్దీ పరికరాలతో దిగారు. గ్రహణం కోసం తెలుగునేలకు అట్లా రావడం కొత్త కాదు. 1868 ఆగస్టు 18న జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు వచ్చి సంపూర్ణ గ్రహణం చూశాడు. హీలియం ఉనికి బయటపడటానికి దారితీసిన పరిశీలనల్లో అదొకటి. వాళ్ళు సముద్రాలు దాటి వచ్చి చూసేదాన్ని, మా ఊరి ఆకాశంలోనే ఉన్నా చూడకుండా ఉండటానికి మేం తలుపులు సిద్ధం చేసుకున్నాం.

నాకప్పుడు పదేళ్ళు. గ్రహణమంటే నీడేనని బడిలో సారు సుద్దముక్కతో మూడు సున్నాలు గీసి చూపించాడు. రాహువు మింగుతాడని ఇంట్లో చెప్పారు. రెండూ నాకు సమ్మతమే. చిక్కంతా పంచాంగంతో వచ్చింది. ముందురోజు పంతులుగారు గుడి అరుగు మీద కూర్చుని పట్టు ఎప్పుడో విడుపు ఎప్పుడో నిమిషాలతో సహా చదివి వినిపిస్తుంటే, నేను నోరు ఊరుకోక అడిగాను.

"పంతులుగారూ, రాహువు వచ్చే టైము ముందే మీకెట్ల తెలిసింది?"

"లెక్క గట్టి రాస్తరు నాయనా."

"మరి రాహువు ఎన్నడూ టైము తప్పడా?"

పంతులుగారు పంచాంగం మూసి నా వంక చూశారు. "టైము తప్పితే వాడు రాహువెందుకయితడు? పోరా," అని పకపకా నవ్వారు. అరుగు మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రశ్న మాత్రం నా వెంటే ఇంటికొచ్చింది.

పెద్దయ్యాక తెలిసింది, ఈ ఇరకాటం మా పంతులుగారి ఒక్కరిదే కాదని. 499 నాటికే ఆర్యభటుడు గ్రహణమంటే నీడేనని రాశాడు. ఆ తర్వాత 628లో బ్రహ్మగుప్తుడు తన పుస్తకంలో గ్రహణాల లెక్కలన్నీ నీడతోనే కట్టాడు. మళ్ళీ అదే పుస్తకంలో, రాహువును కాదన్నందుకు ఆర్యభటుణ్ణి తప్పుపట్టాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత అల్‌బిరూని అనే పండితుడు అది చదివి, ఇంత తెలిసినవాడు ఇట్లా ఎందుకన్నాడా అని విస్తుపోయాడు. లెక్క నీడది, మాట రాహువుది. పంతులుగారి నవ్వు వెనక పదమూడు వందల ఏళ్ళు ఉన్నాయి.

శనివారం పెందరాళే వంటలూ తిండ్లూ అయిపోయాయి. పచ్చడి జాడీల మీద, నీళ్ళ కాగుల మీద దర్భలు పడ్డాయి. చిన్నమ్మకు అప్పుడు అయిదో నెల. ఆమెను నడిమింటి పక్క గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళూ చేతులూ ముడవొద్దని, గోకవద్దని, దేన్నీ తుంచొద్దని చెప్పి తలుపు దగ్గరికి వేశారు. గీత దాటితే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని భయం. ఆ జబ్బుకు మన భాషలో పేరే అది. పేరులోనే తీర్పుంది, ఆ తీర్పు తల్లి మీద.

నడిమింట్లో నాయినమ్మ ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి, మధ్యలో రోకలి నిలబెట్టింది. నాలుగైదుసార్లు సవరించి, ఊపిరి బిగబట్టి, పది వేళ్ళూ ఒక్కొక్కటిగా వదిలింది. రోకలి నిలబడింది. గ్రహణం పట్టి ఉన్నంతసేపూ నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది అని మాకు చెప్పింది. మేం పిల్లలం చుట్టూ చేరి, దానికి గాలి కూడా తగలకుండా మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం.

మూడున్నర దాటాక తలుపు కింది వెలుగు గీత పలచబడింది. పసుపూ కాదు, ఎరుపూ కాదు, ఎన్నడూ చూడని వన్నె. కోళ్ళు తమంతట తామే గంప కిందికి పోతున్న చప్పుడు. మూడూ ముప్పావుకు ఆ గీత కూడా ఆరిపోయింది. ఊరంతా కుక్క అరుపు లేదు. ఆ చీకటి రెండు నిమిషాలుందట. అంతసేపూ నేను ఆకాశాన్ని కాదు, కనపడని రోకలిని చూస్తూ కూర్చున్నాను.

విడిచింది. వెలుగొచ్చింది. కాసేపటికి తాంబాళంలో దభాలున చప్పుడైంది. "పడ్డది, పడ్డది!" అని మేం ఎగిరాం. స్నానాలు, కొత్త నీళ్ళు, వేడి అన్నం.

వారం తిరక్కముందే, పెద్దవాళ్ళంతా మిరపచేలకు పోయిన ఒక మధ్యాహ్నం, నేను తాంబాళం దించాను. రోకలి నాకంటే పొడుగు. మొదటిసారి పడింది. రెండోసారి తాంబాళం అంచు సొట్టపోయింది. ఎన్నిసార్లు పడిందో లెక్క లేదు. నేల చదునుగా ఉన్న చోటు వెతికి, రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, అది ఎటు వాలుతుందో అరచేతులతో వింటూ కూర్చున్నాను. బరువు సరిగ్గా పొన్ను మీదికి దిగిన క్షణం చేతులకు తెలుస్తుంది. కర్ర ఒక్కసారిగా తేలికవుతుంది. అప్పుడు వదిలాను. నిలబడింది. బయట కన్నుపొడిచే ఎండ.

వెనక్కి తిరిగితే గుమ్మంలో నాయినమ్మ! రోట్లో తలపెట్టాను, ఇక పోటు తప్పదనుకున్నాను.

"నిలబడ్డదా?" అంది.

"నిలబడ్డది నాయినమ్మా. ఇయ్యాల గ్రహణం లేదు గదా?"

ఆమె వచ్చి రోకలి చుట్టూ ఒకసారి తిరిగింది. "లేదు," అంది. చెంగుతో మొహం తుడుచుకుని, పక్కన కూలబడింది. "ఆనాడు అది పడలే బిడ్డా. నేనే కాలిబొటనవేలితో తాంబాళం కదిలిచ్చిన. పొద్దున తిన్న పోరగాళ్ళు, ఎంతసేపని ఆగుతరు?"

తెల్లబోయాను. మరి ఎందుకు నిలబెట్టావని అడిగాను. "మా అత్త నిలబెట్టింది, నేను నిలబెట్టిన. మీరు అల్లరి చెయ్యకుండ కూసుంటిరి గదా," అంది. లేచి రోకలి అందుకుని, "సొట్ట సంగతి మీ తాతకు చెప్పకు," అని లోపలికి పోయింది.

ఆ ఎండాకాలం తర్వాత చిన్నమ్మకు కొడుకు పుట్టాడు. పెదవి చక్కగా ఉంది. గదిలో కదలకుండా పడుకున్నందుకే అన్నారంతా. ఒప్పయితే గొప్ప గదిది, తప్పయితే తప్పు ఆమెది. బిడ్డ పై పెదవి కడుపులో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్యనే అతుక్కుంటుందని, ఆ శనివారానికి ఆ పని ఎప్పుడో అయిపోయిందని చాలా ఏళ్ళకు ఒక పుస్తకంలో చదివాను.

రోకలి తర్వాత దొడ్డి తలుపుకు అడ్డగర్రయింది. కారం మరకు పోయింది, పసుపు పొట్లంలో వచ్చింది. పెంకుటిల్లు విప్పి స్లాబు వేసినప్పుడు ఆ కర్ర ఏమైందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు ప్రతి గ్రహణానికీ టీవీలో రోకళ్ళు నిలబడతాయి. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక వాళ్ళు, ఏ రోజైనా నిలబడుతుందని చూపిస్తూ తిరుగుతారు. రెండూ చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది, పదేళ్ళకే ప్రశ్న అడిగినవాణ్ణని.

ఆ గర్వం 2022 అక్టోబరు గ్రహణం దాకా ఉంది. ఆ సాయంత్రం చిన్నమ్మ దగ్గర కూర్చుని రోకలి కథ చెప్పి నవ్వుతుంటే, ఆమె అంది: "మీరంతా దాన్ని చూసిన్రు. నేను గ్రహణాన్నే చూసిన."

గది తలుపు వేసే ఉంది కదా అన్నాను.

"పైన గూనపెంకులు గాదురా? సందుల్లోంచి ఎండ పడేది గదా, రూపాయి బిళ్ళల్లెక్క. ఆనాడు ఒక్కో బిళ్ళా కొరికినట్టయింది. సగమయింది. నెలవంకలయినయ్, ఇన్నిన్ని. చాప నిండ, నా కడుపు మీద కూడ. చెయ్యి కదపొద్దన్నరు గదా, కదపలే. కొట్టుకుంట కొట్టుకుంట సన్నగయి ఆరిపోయినయ్. మళ్ళ వచ్చినయ్, ఈసారి అటు తిరిగి."

పెంకుల సందు ప్రతి ఒక్కటీ సూర్యుడి బొమ్మను నేల మీద దించుతుంది. ఆ బొమ్మ మామూలు రోజున గుండ్రంగా ఉంటుంది, గ్రహణం నాడు వంకరవుతుంది. సారు బోర్డు మీద గీసిన మూడు సున్నాలు ఆమె చాప మీద నడిచాయి. మా ఇంట్లో గ్రహణం చూసిన ఒకే ఒక్క మనిషి ఆమె.

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం చిన్నమ్మా?"

"నన్నెవరడిగిన్రు?" అంది.

రాహువును అడిగాను, పంచాంగాన్ని అడిగాను, రోకలిని నిలబెట్టి మరీ అడిగాను. గోడకు అవతల వెల్లకిలా పడుకున్న మనిషిని అడగడానికి నలభై రెండేళ్ళు పట్టింది.