వెల వేరు, విలువ వేరు

మా తాడేపల్లిలో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా పిల్లలు అమెరికాలో ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. పేరంటానికి వెళ్తే తాంబూలం చేతికొచ్చేలోపే మాటలు వీసా స్లాట్ల మీదకి, బ్యాంకు లోన్ల మీదకి మళ్లుతాయి. మా పెద్దమ్మాయికీ ఈ ఆగస్టుకి సీటొచ్చింది. కాగితాల పని మా వారిది, పచ్చళ్లు, పొడుల పని నాది. ఈ హడావిడిలో నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఒకటుంది. అక్కడి పోలీసులు.

"దొంగలంటే భయపడాలి గానీ పోలీసులంటే భయమేంది అమ్మాయ్?" అన్నారు మా అత్తయ్యగారు. ఆవిడకి జాహ్నవి సంగతి చెప్పాను. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

కందుల జాహ్నవిది కర్నూలు జిల్లా ఆదోని. మన గుంటూరుకి మిర్చి యార్డు ఎలాగో ఆ ఊరికి పత్తి మార్కెట్ అలాగ. తల్లి టీచరు, ఒంటిచేత్తో పెంచుకుంది. జాహ్నవి సియాటిల్‌లో ఎం.ఎస్. చదువుతోంది. 2023 జనవరి 23 రాత్రి, మనుషులు దాటడానికి గీతలు గీసిన చోటే రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దేసింది. ఆ రోడ్డు మీద గంటకి 25 మైళ్లు దాటకూడదు. అంటే మన లెక్కలో 40 కిలోమీటర్లు. ఆ కారు 74 మైళ్ల దాకా వెళ్లింది, దగ్గర దగ్గర 119 కిలోమీటర్లు! మత్తుమందు ఎక్కువై ఎవరో ఆపదలో ఉన్నారని కబురొస్తే వెళ్తున్నాడట. లైట్లు వెలుగుతున్నాయి గానీ, సైరన్ ఆగకుండా మోగలేదు. జాహ్నవికి అప్పటికి 23 ఏళ్లు.

అంతవరకే అయితే ఘోరమైన ప్రమాదం అనుకుని ఏడ్చేవాళ్లం. సెప్టెంబరులో ఒక వీడియో బయటికొచ్చింది. ఆ రాత్రి విచారణకి వచ్చిన మరో ఆఫీసరు, అక్కడి పోలీసు యూనియన్ ఉపాధ్యక్షుడు, ఫోన్లో నవ్వుతూ మాట్లాడాడు. 11,000 డాలర్లకి చెక్కు రాసిస్తే సరిపోతుందనీ, ఆమె విలువ అంతంతమాత్రమేననీ అన్నాడు. వయసు కూడా తప్పే చెప్పాడు, 26 అని. ఒంటి మీదున్న కెమెరా అదంతా రికార్డు చేసింది. లాయర్లు ఎలా బేరమాడతారో వెక్కిరించానంతే అని తర్వాత సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

బి.ఏ. తెలుగు చదివినదాన్ని, మాటల దగ్గర నా మనసు ఆగిపోతుంది. మనకి వెల వేరు, విలువ వేరు. వెల సంతలో తేలుతుంది, బేరమాడితే తగ్గుతుంది. విలువ అలా తగ్గదు. అర్ధరాత్రి దాకా మేలుకుని పిల్ల ఫోన్ కోసం చూసే తల్లిని అడిగితే తెలుస్తుంది విలువంటే ఏమిటో.

ఆ తర్వాత ఏమైంది? నేరం రుజువు చేసేంత సాక్ష్యం లేదని 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్లు కారు నడిపిన ఆఫీసరు మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. అజాగ్రత్తగా నడిపినందుకు 5,000 డాలర్ల జరిమానా వేశారు. నవ్వినతన్ని 2024 జులైలో ఉద్యోగంలోంచి తీసేశారు. కారు నడిపినతన్ని తీసేసరికి 2025 జనవరి వచ్చింది. అంటే దాదాపు రెండేళ్లు.

ఎందుకింత ఆలస్యమని చదువుతూ పోతే కొన్ని సంగతులు తెలిశాయి. అక్కడ మనలాగా రాష్ట్రానికి ఒక పోలీసు శాఖ కాదు. ఊరికొకటి, కౌంటీకొకటి చొప్పున దేశంలో దాదాపు 18,000 పోలీసు విభాగాలున్నాయి. ఎవరి నిబంధనలు వాళ్లవి. యూనియన్లు బలమైనవి. పైగా జనం కంటే తుపాకులే ఎక్కువున్న దేశం. ఎదుటివాడి జేబులో ఏముందోనని పోలీసుకి భయం, ఆ పోలీసు చేతిలో ఏముందోనని మనకి భయం. 2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోతే, ఆరోగ్యం బాగాలేక పోయాడన్నట్టు పోలీసులు మొదట ప్రకటన ఇచ్చారు. 17 ఏళ్ల ఆడపిల్ల సెల్‌ఫోన్లో తీసిన వీడియో అసలు సంగతి లోకానికి చూపించింది.

మనవాళ్లేం తక్కువ తిన్నారా అంటారేమో. నిజమే. 2021లో తెలంగాణలో అడ్డగూడూరు స్టేషన్లో వంటపని చేసుకునే దళిత మహిళ మరియమ్మ చనిపోయింది. దొంగతనం అనుమానం మీద తీసుకెళ్లారు, ఇంటికి తిరిగి రాలేదు. ఎక్కడైనా ముందు నలిగిపోయేది అడిగే దిక్కులేనివాళ్లే. పరాయి దేశంలో మన పిల్లలూ ఆ వరసలోకే వస్తారు.

పంపడం మానేద్దామా? ఆ మాట మా అమ్మాయితో అనలేను, అనను. పచ్చళ్ల జాడీలతో పాటు కొన్ని జాగ్రత్తలూ మూటగడుతున్నాను. గీతల మీద నడిచినా, సిగ్నల్ మనదైనా, రెండువైపులా చూసి దాటు. పోలీసు కారు ఆపితే దిగొద్దు. చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచు. లైసెన్సు అడిగాక, చెప్పి మరీ తియ్యి. అక్కడ వాదించకు, ఫిర్యాదు తర్వాత. స్నేహితురాలు మనసు బాగాలేక అల్లాడుతుంటే 988 అనే నంబరుంది, అది గుర్తుపెట్టుకో.

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకీ ఒక మాట. 2015లో అలబామాలో కొడుకింటికి వచ్చిన గుజరాతీ పెద్దాయన పొద్దున్నే నడకకి వెళ్తే, ఎవరో అనుమానంతో ఫోన్ చేశారు. ఇంగ్లీషు రాని ఆయన్ని పోలీసు కింద పడేస్తే ఒళ్లు చచ్చుబడింది. ఇంటి అడ్రసు, పిల్లల నంబరు, ఇంగ్లీషు రాదన్న ముక్క రాసిన చీటీ జేబులో పెట్టుకుని నడకకి వెళ్లండి.

జాహ్నవికి యూనివర్సిటీ వాళ్లు డిగ్రీ పట్టా ఇచ్చారు, ఆమె లేకుండానే. ఆ తల్లి దాన్ని ఏ గోడకి తగిలించుకోవాలి? మన పిల్లల పట్టాలు వాళ్ల చేతులతో వాళ్లే అందుకోవాలి. ఇంతకంటే ఏ తల్లీ ఏమీ కోరుకోదు.