ఆనకట్ట మీదుగా ఆత్రేయపురమునకు

మా ఇంటి పంచలో మూడేండ్లుగా ఒక బుల్లెట్టు మోటారు సైకిలు గోనెపట్టా కప్పుకొని నిలిచియుండెను. అది మా వారిది. పక్షవాతము వచ్చి కుడిచేయి స్వాధీనము తప్పినది మొదలు వారు దానివంక చూచుటయే మానివేసిరి. అంతకు పూర్వము ఇరువది రెండేండ్లు రాజమహేంద్రవరమునుండి ఆత్రేయపురము చెంతనున్న బడికి దానిమీదనే పోయివచ్చెడివారు. ఈ ఏడు సంక్రాంతి వెళ్లిన పిదప దానిని అమ్మివేయ నిశ్చయించి, వేసవి సెలవులలో వచ్చి తీసికొనిపొమ్మని ఒక బేరగానికి మాట యిచ్చిరి.

నేను అప్పటికే మా వీధిలోని బ్యాంకు ఉద్యోగిని యొకతెవలన మోటారు సైకిలు నడుపుట నేర్చి, పరీక్ష యిచ్చి లైసెన్సు పుచ్చుకొనియుంటిని. ఏబదియేండ్లు దాటినదానికి ఈ సరదా ఏమని నవ్వుదురేమోనని ఇంట చెప్పలేదు. బేరగాని మాట వినగానే చెప్పక తప్పినది కాదు. మా వారు రెండు దినములు పలుకలేదు. మూడవనాడు పడకకుర్చీ పంచలోనికి వేయించుకొని, "పట్టా తియ్యి" అనిరి.

సోదరీమణులారా, నేను నేర్చిన బండి వేరు, ఈ బండి వేరు. ఇప్పటి బండ్లకు గేరు ఎడమకాలికిని, బ్రేకు కుడికాలికిని ఉండును. ఈ పాత బుల్లెట్టునకు తారుమారు. ఆపదవేళ బ్రేకనుకొని గేరును త్రొక్కిన గతి యేమి? పోనిండు, అసలు ప్రాణము పోయుటయే ఒక విద్య. మీటర్ల నడుమ చిన్న ఆమ్మీటరు కలదు. ఎడమచేతి మీటను నొక్కిపట్టి కిక్కును మెల్లగా దించుచు, దాని ముల్లు నట్టనడుమకు వచ్చినపుడు ఆపి, మీట వదలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా త్రొక్కవలెను. తొందరపడినచో అది వెనుకకు తన్నును. నా పిక్కమీది నల్లని మచ్చ మూడువారములు మానలేదు. మా వారు కుర్చీనుండి కదలక, చెవితో విని తప్పులు చెప్పెడివారు.

వైశాఖమాసమున ఒకనాటి సాయంత్రము తొమ్మండుగురము స్త్రీలము బయలుదేరితిమి. ఉపాధ్యాయినులు, దుకాణదారులు, ఒక దాది, ఇంకను చదువుచున్న పిల్లలు ఇద్దరు. వీరి పద్ధతి నాకు నచ్చినది. దారి తెలిసిన యామె ముందు, అందరికంటె అనుభవశాలి చివర. ముందుబండి బాటకు కుడివైపున నడచిన, తరువాతిది ఎడమవైపున. ఇట్లు ఎడము నుంచి నడచిన ఒకరి బ్రేకు మరియొకరి ప్రాణము మీదికి రాదు. పైట చెరగునకు గాని ఓణీకి గాని చక్రము దాపున చోటు లేదని ముందుగనే హెచ్చరించిరి. బండి వెనుక కూర్చుండు మన ఆడువారెందరో ఈ చిన్నమాట మరచి మెడకు ప్రమాదము తెచ్చుకొనుచున్నారు. ప్రక్కకు కూర్చున్నను సరే, చెరగును నడుమున బిగించి దోపుకొనుడు.

ధవళేశ్వరము చేరునప్పటికి ఎండ పసుపురంగునకు తిరిగినది. ఇచటనే 1847వ సంవత్సరమున ఆర్థరు కాటను దొర ఆనకట్ట నారంభించి 1852లో ముగించెను. వీణెం వీరన్నగారు వేలకొలది కూలీలను సమకూర్చి ఆయనకు కుడిభుజమై నిలచిరి. కాటను పని చేపట్టుటకు ముందు ఈ సీమ 1833 నాటి కరవును, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనను చూచినది. నేడు మనము దాటునది ఆ పాతకట్ట కాదు. 1970లో మొదలిడి 1982లో ముగించిన బ్యారేజి. లంకలను ఆధారముగా చేసికొని నాలుగు భాగములుగా సాగు దీనికి 175 తలుపులు కలవు.

తూర్పునుండి పడమటికి పోవుచుంటిమి గావున సూర్యుడు సరిగా కన్నులలో పడెను. కుడిచేతివైపున నిలిపిన నీరు పళ్లెములో పోసినట్లు కదలక యుండెను. ఎడమచేతివైపున ఇసుకతిన్నెలు, నడుమ సన్నని పాయలు, మోకాలిలోతు నీట వలవేయుచున్న జాలరులు. గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలుట ఇచటనే. ఒకే వంతెనకు ఈవల భాగ్యము, ఆవల దారిద్ర్యము! వరదలనాడు ఈ భేదమే కానరాదని చెప్పుదురు.

పిచ్చుకలంక దాటి బొబ్బర్లంకవద్ద దక్షిణమునకు తిరిగితిమి. మా వారు వర్ణించిన కాలువ నాకు కనబడలేదు. వేసవిలో మరమ్మతులకై డెల్టా కాలువలు కట్టివేయుదురని మరచితిని. ఊరిచెరువులను ముందుగానే నింపుకొని జనులు ఆ నెలలు గడుపుకొందురు. ఎండిన కాలువ అడుగున పిల్లలు క్రికెట్టు ఆడుచుండిరి. గట్టుమీద కొబ్బరిచెట్ల నీడలు బాటపై అడ్డముగా పడి, ఒక్కొక్క నీడ దాటినపుడు ముఖమునకు చల్లగా తగులుచుండెను. ఒకచోట ఆగి తాటిముంజలు తింటిమి. అమ్మునామె నా బండిని ఎగాదిగ చూచి, "ఇది మాస్టారి బండి గదా? ఆయన బాగున్నారా?" అని అడిగెను. నాకు సమాధానము వెంటనే రాలేదు.

ఆత్రేయపురమున పూతరేకులు చేయు ఒక ఇంటికి పోయితిమి. ప్రత్యేకముగా చేయించిన కుండను బోర్లించి, లోపల ఎండిన కొబ్బరాకుల మంట. బియ్యపుపిండిని పలుచని పాలవలె కలిపి, అందులో ముంచిన గుడ్డను ఆ కాగిన కుండ వీపుపై ఒక్కసారి ఈడ్చునంతలో ఉల్లిపొరకంటె పలుచని రేకు లేచును. చూచుటకు మూడు క్షణముల పని. పొగలో, వైశాఖపుటెండలో, దినమెల్ల ఆ మంటయెదుట కూర్చుండు స్త్రీ మోచేతులు చూచిన పిమ్మట ఆ తీపి నోటికి వేరుగా తోచినది. 2023లో ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు కాగితము పొయ్యివేడిని తగ్గింపలేదు. మాలో ఒకతె బేరమాడబోయి, మిగిలినవారి చూపులకు మానుకొనెను.

మరలునప్పటికి చీకటిపడినది. కాలువగట్ల పురుగులు కంటి యద్దమునకు వడగండ్లవలె కొట్టుకొన్నవి. నా బండి దీపము మిణుగురువంటిది. ముందువారి ఎఱ్ఱదీపమే నాకు దారి. వంతెన నడుమ ఎదుటనుండి లారీ రాగా, నేను జంకి వేగము తగ్గించితిని గాని గేరు తగ్గించుట మరచితిని. బండి ఒక్కసారి దగ్గి ఆగిపోయెను. వెనుకనుండి బస్సు కూత. చేతులు వణకినవి. చివరి బండి యామె నా వెనుక నిలిచి, తన దీపపు కాంతితో వచ్చువారిని ప్రక్కకు మళ్లించుచు, "తొందరలేదు వదినగారూ, మెల్లగా" అనెను.

ముల్లును చూతమన్న చీకటి. అప్పుడు మా వారి మాట జ్ఞాపకము వచ్చినది: "కంటితో కాదు, కాలికి తెలియాలి." మీట నొక్కి కిక్కు దించితిని. ఒకచోట కాలిక్రింద బరువు తేలికపడెను. మీట వదలి త్రొక్కితిని, లేవలేదు. రెండవసారియు లేవలేదు. మూడవసారి ఆ వంతెన యంతయు ప్రతిధ్వనించునట్లు పలికినది. సిగ్గువిడిచి చెప్పుచున్నాను, హెల్మెట్టులోపల నేను ఏడ్చితిని.

ఇల్లు చేరునప్పటికి ఎనిమిదిన్నర. మా వారు వీధి అరుగుమీద కూర్చుండియుండిరి. ఎంతసేపటినుండి కూర్చుండిరో మా అమ్మాయి తరువాత చెప్పినది. పూతరేకుల పొట్లము చేతికిచ్చి, ముంజలామె అడిగిన సంగతి చెప్పితిని. వారు పొట్లము విప్పలేదు.

"ఇంజను ఆపకు" అనిరి. కొంతసేపు తల వంచి వినిరి.

"గొలుసు వదులైంది. రేపు నేను చెబుతాను, బిగిద్దువు గాని. ఆ బేరగాడికి ఫోను చెయ్యమను పిల్లని."