హీరో గిటారుకి వైరేదీ?

ఎలక్ట్రిక్ గిటారు వాయించే హీరోలని మీరు తెరమీద ఎంతమందిని చూసుంటారో! కొండకొమ్మున నిలబడి వాయిస్తారు. పడవలో ఊగుతూ వాయిస్తారు. జోరు వానలో హీరోయిన్ చుట్టూ తిరుగుతూ వాయిస్తారు. ఎప్పుడైనా ఆ గిటారు తోకవైపు చూశారా? వైరుండదు! వైరు లేదంటే దాని చివర ఆంప్లిఫయరూ లేదన్నమాటే. ఆంపు లేని ఎలక్ట్రిక్ గిటారు ఎంత మోగుతుందో తెలుసా? చెవి పక్కన దోమ పాడినంత! మిగతాదంతా రికార్డింగ్ థియేటర్ మహిమ.

'యాదోం కీ బారాత్'ని 1975లో మనవాళ్ళు 'అన్నదమ్ముల అనుబంధం'గా తీసిన నాటి నుంచి, 2013లో 'ఇద్దరమ్మాయిలతో' వచ్చేదాకా, గిటారు మోజు మన కుర్రకారుని వదల్లేదు. ఆ మాటకొస్తే తెర వెనక గిటారు మహిమ ఇంకా పెద్దది. ఇళయరాజా 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడు కాకముందు ఇతరుల ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించినవారే. తెర ముందు వైరు కనబడదు, తెర వెనక మనిషి కనబడడు. ఇదీ మన గిటారు కథ.

ఇక నా సంగతి. పత్రికలకి వ్యాసాలు రాసుకు బతికే ఫ్రీలాన్సర్ని. వయసు ముప్ఫై దాటింది, చదువు బి.కామ్., కాపురం బడంగ్‌పేట్. ఆదివారం సాయంత్రాల్లో మాత్రం గిటారిస్టుని! నలుగురం కలిసి ఓ చిన్న ట్రూపు పెట్టుకున్నాం. మా ఇంటి డాబా మీద గదే మా రిహార్సల్ థియేటర్. బర్త్‌డేలు, కాలేజీ డేలు, ఎల్బీ నగర్ వైపు కాఫీ హోటళ్ళలో శనివారం పాటలు, వినాయక చవితి స్టేజీలు... పిలిచినచోటికల్లా వెళతాం. పక్కనే ఉన్న బాలాపూర్‌లో గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై లక్షల్లోకి ఎదిగింది. మా ట్రూపు పారితోషికం మాత్రం ఆ 1994 స్థాయిని దాటడానికి ఇంకా కష్టపడుతూనే ఉంది!

అలాంటి నేను ఒక ఆంప్లిఫయరు కొనాలనుకున్నాను. చిన్నది. చేత్తో మోసుకుపోగలిగేది. రిహార్సల్‌కీ, ప్రోగ్రాముకీ రెండింటికీ పనికొచ్చేది. రెండు నెలల వ్యాసాల డబ్బు అందులో పోయాలి. ఆలోచించకుండా ఎలా కొంటాను చెప్పండి?

మోసేవాడికే తెలుసు

మొదటి ప్రశ్న మోత గురించి కాదు, మోయడం గురించి. నాకున్నది ఒక స్కూటరు. దూరం ప్రోగ్రాములైతే స్కూటరు ఎల్బీ నగర్ మెట్రో దగ్గర పెట్టి రైలెక్కుతాను. ఆ స్టేషన్ 2018 సెప్టెంబర్‌లో తెరిచారు కాబట్టి గానీ, లేకపోతే గిటారు సంచీ వీపున తగిలించుకుని దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో ఈదడం ఆ దేవుడికే ఎరుక. వీపున గిటారు, ఒక చేతిలో ఆంపు, ఇంకో చేతిలో వైర్ల సంచీ. టికెట్టు ఏ చేత్తో చూపించాలి?

బీటిల్స్ 1960లలో వాడిన వాక్స్ ఏసీ-30 ఆంపు అంటే గిటారిస్టులకి దైవసమానం. దాని బరువు ముప్ఫై కిలోల పైమాటే. బీటిల్స్‌కి సామాను మోసే మనుషులున్నారు. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి! పన్నెండంగుళాల స్పీకరున్న ఈనాటి యాభై వాట్ల ఆంపులు చాలావరకు పది, పన్నెండు కిలోలు తూగుతాయి. స్కూటరు ముందు కాళ్ళ మధ్య పెట్టుకుంటే హ్యాండిల్ తిరగదు. అందుకే నా మొదటి షరతు, బియ్యం సంచీలో సగం కన్నా తక్కువ బరువు. ఐదారు కిలోలు దాటకూడదు.

వాట్ల మాయ

కోఠి గుజరాతీ గల్లీ తెలుసుగా? ఎలక్ట్రానిక్ సామాన్లకి అదే మనకి కాశీ. అక్కడ ఒక కొట్లో అడిగాను.

"చిన్న ఆంపు చూపించండి అన్నా."

"చిన్నదెందుకన్నా? ఇది తీస్కో. వంద వాట్లు! గల్లీ మొత్తం ఊగుతది."

"గల్లీ ఊగితే మా పక్కింటాయన ఊరుకోడు గదా!"

"గట్లయితే సౌండ్ తగ్గించుకో!"

నవ్వుకున్నాను గానీ, ఈ వాట్ల విషయంలో మనమంతా తేలిగ్గా బోల్తా పడతాం. యాభై వాట్ల కంటే వంద వాట్లు రెట్టింపు మోగుతుందనుకుంటాం. కాదు! వాట్లు రెట్టింపయితే పెరిగేది మూడు డెసిబెల్సే. అంటే చెవికి "కాస్త పెరిగింది" అనిపిస్తుంది, అంతే. మోత రెట్టింపు అనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. అంటే ఐదు వాట్ల ఆంపుకి రెట్టింపు మోగేది పది వాట్లది కాదు, యాభై వాట్లది! అదీ స్పీకర్లు ఒకేలా ఉంటేనే. మంచి స్పీకరున్న తక్కువ వాట్ల ఆంపు, నాసిరకం స్పీకరున్న ఎక్కువ వాట్ల ఆంపుని ఓడించగలదు. ఇంకో మాట. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో "పీఎంపీఓ" అని వేల వాట్లు రాసి ఉంటే దాన్ని సినిమా పోస్టర్ మీద "అఖండ విజయం" అన్నట్టే చదువుకోండి. అసలు కలెక్షన్ "ఆర్ఎంఎస్" అన్నచోట ఉంటుంది.

చిన్న ఆంపంటే చిన్నచూపు చూడకండి. 1970లో ఎరిక్ క్లాప్టన్ బృందం 'లైలా' ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు స్టూడియోలో వాడినవాటిలో ఫెండర్ చాంప్ అనే బుల్లి ఆంపు ఒకటి. అది ఐదు వాట్ల జాతి! ముందు ఒక మైకు పెట్టారు, ప్రపంచమంతా విన్నది. చిన్న నటుడైనా క్లోజప్‌లో తెరంతా నిండిపోడూ? ఇదీ అంతే.

మరి చిన్నది ఎక్కడ ఓడిపోతుంది? పూర్తి డ్రమ్ సెట్టు పక్కన. డ్రమ్మరు కర్ర ఝాడించాడంటే ఐదు వాట్లు పెళ్ళివారింట్లో పిల్లి కూత. మైకూ మిక్సరూ లేకుండా డ్రమ్ముల పక్కన వాయించాలంటే ముప్ఫై, యాభై వాట్లు, పది పన్నెండంగుళాల స్పీకరు తప్పదు. ఇందులో రాజీ లేదు.

పక్కింటాయన సెన్సారు

మా పక్కింటాయన రిటైరయిన ఉపాధ్యాయుడు. వాళ్ళావిడకి గుండె జబ్బు. మా రిహార్సళ్ళు మొదలైన రెండో నెలలో డాబా మెట్లెక్కి వచ్చి నిలబడ్డారు. కేకలేస్తారనుకున్నాం. "బాబూ, పాట బాగుంది. కానీ మా ఆవిడ గోడకి చెయ్యి పెట్టి పడుకుంటుంది, గోడ అదురుతోంది" అన్నారు. అంతే! ఆ మాట కేకకన్నా గట్టిగా తగిలింది.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ హద్దు. ఇళ్ళ మధ్య ట్రూపు నడిపేవాళ్ళు ఈ అంకెలు గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజునుంచి మా డ్రమ్మరు రిహార్సల్‌కి డ్రమ్ సెట్టు మానేసి, కహోన్ అనే చెక్కపెట్టె మీద కూర్చుని చేతుల్తో వాయిస్తున్నాడు. ఆంపు తక్కువ మోతలో కూడా తియ్యగా పలకాలన్నది నా రెండో షరతు అయింది.

ఇందులో ఒక కిటుకుంది. మోత తగ్గితే మన చెవి మంద్రస్వరాల్ని సరిగ్గా పట్టుకోదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఈ సంగతి కొలిచి చూపించారు. అందుకే ఇంట్లో మెల్లగా పెట్టుకుని బాస్ బాగా పెంచి "ఆహా" అనుకున్న టోను స్టేజీ మీద బురదలా వినిపిస్తుంది. కొట్లో పరీక్షించేటప్పుడు మీ గిటారే పట్టుకెళ్ళండి. మెల్లగా ఒకసారి, ప్రోగ్రాము మోతలో ఒకసారి వినండి. కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, డబ్బు మనది!

ఒక షాక్

ఇప్పుడు కథలో మలుపు. కిందటేడాది ఒక ఫంక్షన్ హాల్లో ప్రోగ్రాము. పేరెందుకు లెండి. మా సింగరు గిటారు మెడలో వేసుకుని, తీగల మీద చెయ్యి ఉంచి మైకు దగ్గరికి మూతి తెచ్చాడు. టప్! పెదవి మీద నిప్పురవ్వ. అమాంతం వెనక్కి పడ్డాడు. జనం స్టెప్పు అనుకుని చప్పట్లు కొట్టారు. వాడి మొహం తెల్లకాగితంలా ఉంది.

కారణం చెబుతాను. హమ్మింగ్ రాకుండా ఉండాలని ఎలక్ట్రిక్ గిటారు తీగల్ని ఆంపు ఎర్తింగ్‌కి కలుపుతారు. మైకు వేరే బోర్డు నుంచి వస్తోంది, అక్కడ ఎర్తింగ్ లేదు, మైకు ఒంట్లోకి కరెంటు లీకవుతోంది. చెయ్యి ఒక చివర, పెదవి ఒక చివర, మధ్యలో మనిషి వైరు! మావాడు అదృష్టవంతుడు. 1972 మే 3న 'స్టోన్ ది క్రోస్' బృందపు గిటారిస్టు లెస్ హార్వీ బ్రిటన్‌లోని స్వాన్సీలో, స్టేజీ మీద, గిటారు చేతిలో ఉండగా ఎర్తింగ్ సరిగ్గా లేని మైకు తాకి ప్రాణమే పోగొట్టుకున్నాడు.

వాళ్ళమ్మ మర్నాడే మా ఇంటికొచ్చింది. "పాట వద్దు, గీట వద్దు. పానం ముఖ్యం బిడ్డా" అని ఏడ్చింది. రెండు నెలలు మా ట్రూపు మూగబోయింది. ఆంపు ఎంపిక సరదా వ్యవహారం అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. అది టోను సంగతే కాదు, ప్రాణం సంగతి కూడా.

లెక్కల పుస్తకం

బి.కామ్. చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. ఏడాదిలో మేం ఇచ్చిన ప్రోగ్రాములన్నీ కాగితం మీద రాశాను. మొత్తం పదకొండు. అందులో ఎనిమిదింటికి మిక్సరు, పెద్ద స్పీకర్లు నిర్వాహకులే పెట్టారు. మిగతా మూడూ కాఫీ హోటళ్ళు, డ్రమ్ సెట్టు లేనివి. ఇక రిహార్సళ్ళు యాభైకి దగ్గర. అన్నీ డాబా మీద, చెక్కపెట్టెతో. యాభై వాట్లు నిజంగా అవసరమైన రోజు ఏడాదిలో ఒక్కటీ లేదు! ఏదో ఒకనాడు పెద్ద స్టేడియంలో వాయిస్తామన్న కలకోసం రోజూ పన్నెండు కిలోలు మోయడమెందుకు?

అలా తేల్చి, బ్యాటరీల మీద నడిచే ఐదు వాట్ల ఆంపు తీసుకున్నాను. బరువు ఐదు కిలోల చిల్లర. కంపెనీ పేరు చెప్పను, ప్రకటన అనుకుంటారు! కరెంటు పోయినా రిహార్సల్ ఆగదు. బ్యాటరీ మీద ఒంటరిగా నడుస్తున్నంతసేపు దానికి గోడ కరెంటుతో సంబంధమే లేదు గనక, గిటారు తీగలకి ఎర్తింగ్ దారీ లేదు.

అయితే జాగ్రత్త! మిక్సరుకి వైరు కలిపిన మరుక్షణం ఆ దారి మళ్ళీ తెరుచుకుంటుంది. అందుకే ఆంపుతో పాటు రెండు చిన్న వస్తువులు కొన్నాను. ఒకటి మధ్యలో పెట్టే డీఐ బాక్సు, ట్రాన్స్‌ఫార్మర్, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి ఉన్నది. రెండోది కిరాణా కొట్లో కూడా దొరికే టెస్టరు. మైకు జాలీకి టెస్టరు ఆనించకుండా మూతి ఆనించకూడదు. బల్బు వెలిగిందా, ప్రోగ్రాము బందు! మీది గోడ కరెంటు ఆంపయితే మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎవడు విరగ్గొట్టమన్నా విరగ్గొట్టకండి.

మిక్సరుకి వైరు కలిపేవాళ్ళకి ఇంకో రెండు ముక్కలు. గిటారు స్పీకరు సుమారు ఐదువేల హెర్ట్జ్ దాటిన గరగరని తనే మింగేస్తుంది. స్పీకరు దాటవేసి నేరుగా మిక్సరులోకి పంపితే ఆ గరగరంతా బయటపడి ఎలక్ట్రిక్ రేజరులా వినిపిస్తుంది. కాబట్టి లైన్ అవుట్‌లో స్పీకరు స్వభావాన్ని అనుకరించే ఏర్పాటు ఉందో లేదో అడగండి. అలాగే, వైరు పెట్టగానే కొన్ని ఆంపుల స్పీకరు మూగబోతుంది. జనానికి వినిపిస్తుంది, వాయించేవాడికి వినిపించదు! కొట్లోనే వైరు గుచ్చి చూసుకోండి. స్టేజీ మీద ఆంపుని నేలకి అతికించకుండా వెనక్కి వాల్చి పెట్టండి. చెవులు మోకాళ్ళకి ఉండవు కదా.

మొన్నటి చవితికి మా వైపే ఒక మండపంలో ప్రోగ్రాము. సింగరు వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చుంది. పాట మొదలుపెట్టబోతుంటే లేచి స్టేజీ దగ్గరికొచ్చి, అందరూ వినేలా అడిగింది.

"టెస్టర్ పెట్టి చూసినవా బిడ్డా?"

"చూసిన అమ్మా."

"ఇంకోపారి చూడు."

చూశాను. బల్బు వెలగలేదు. ఆవిడ వెళ్ళి కూర్చుంది. మావాడు పాట ఎత్తుకున్నాడు. ఆ రోజు మా ఐదు వాట్లూ మండపం స్పీకర్లలోంచి వీధి చివరిదాకా వినిపించాయట. పక్కింటి మాస్టారు చెప్పారు. ఈసారి గోడ అదరలేదు గనక మెచ్చుకున్నారనే అనుకుంటున్నాను!